నీళ్ల కింది వాకిలి

రోజారాణి సాయవ్వను పొద్దున ఒకసారి చంపేది, భోజనాలయ్యాక ఒకసారి చంపేది, ఎండ చల్లబడ్డాక జనం ఉంటే మళ్లీ చంపేది. ఆదివారాలూ పండుగ సెలవులూ వస్తే ఇక లెక్కే లేదు. పాపమేదీ అంటనట్టు సాయంత్రం బస్సెక్కి సిద్దిపేటలో ఇంటికి చేరి, అమ్మ కాల్చిన జొన్నరొట్టె తిని హాయిగా నిద్రపోయేది. చంపేది నోటితోనే కదా, దానికి నిద్ర చెడగొట్టుకోవడం ఎందుకు?

సిద్దిపేటకు సముద్రం లేదు. ఆ లోటు తీర్చడానికే అన్నట్టు, ఊళ్లను ముంచి కట్టిన రిజర్వాయరు ఒడ్డున ఒక రిసార్టు వెలిసింది. వాగుల నుంచి లారీలతో ఇసుక తెచ్చి పోశారు. ఎక్కడివో కొబ్బరిచెట్లను వేళ్లతో సహా పెకిలించుకొచ్చి నాటారు. గేటు దగ్గర నీలిరంగు సిమెంటు డాల్ఫిన్ ఒకటి తోక మీద నిలబడి వచ్చేపోయేవాళ్లను చూసి నవ్వుతూ ఉంటుంది. 'సముద్రమే మీ దగ్గరికి వచ్చింది' అని మేనేజర్ శైలేందర్ ఫ్లెక్సీ కట్టించాడు. జనం నమ్మినట్టే నటించి, ప్యాంట్లు మోకాళ్లదాకా మడుచుకుని అలలు లేని నీళ్లలో నిలబడి ఫోటోలు దిగేవాళ్లు.

వచ్చినవాళ్లను పడవలో తిప్పి చూపించడం రోజారాణి పని. లైఫ్ జాకెట్ల పట్టీలు బిగించేది, పిల్లల్ని నడుమ కూర్చోబెట్టేది, మైకును రెండుసార్లు తట్టి మొదలుపెట్టేది. మామూలుగా ఆమె మాట్లాడే మాట వేరు, మైకులో మాట వేరు. "గైడన్నంక భాష నీటుగుండాలె రోజా," అని శైలేందర్ మొదటిరోజే చెప్పాడు. అంతకుముందు చీరల షాపులో పొద్దంతా నిలబడి, జనం విప్పి పారేసిన చీరల్ని మడతపెట్టిన పిల్ల ఆమె. అక్కడ ఆమె మాట ఎవరూ వినలేదు. ఇక్కడ మైకు పట్టుకుంటే కలెక్టరాఫీసు ఉద్యోగులు కూడా నోరు మూసుకుని వింటారు. ఆ రుచి మరిగితే వదలడం కష్టం.

పడవ మొదట దీవి దగ్గరికి పోతుంది. నిజానికది తుమ్మలబండ అనే ఊరి గుట్ట. నడుందాకా నీళ్లొచ్చేసరికి దీవి అయి కూర్చుంది. తర్వాత తలలు రాలిపోయిన తాటిమొద్దులు నీళ్లలోంచి లేచి కనబడతాయి, వాటి మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటూ ఉంటాయి. ఆఖరున పడవ తిరిగే చోట సిద్ధయ్య ఇంజన్ ఆపేస్తాడు. సిద్ధయ్య పడవ నడిపేవాడు, నలభై దాటిన మనిషి, మాట పొదుపు. ఇంజన్ ఆగగానే దిమ్మతిరిగేంత నిశ్శబ్దం పడుతుంది. అప్పుడు రోజారాణి గొంతు తగ్గిస్తుంది.

"ఇప్పుడు మనం సరిగ్గా తుమ్మలబండ గ్రామం పైన ఉన్నాము. మీ పాదాల కింద ఇళ్లున్నాయి, వాకిళ్లున్నాయి. ఊరంతా ఖాళీ చేసి వెళ్లిపోయినా ఒక్క ఆమె మాత్రం కదలలేదు. ఆమె పేరు సాయవ్వ. నీళ్లు వాకిట్లోకి వచ్చాయి, గడప దాటాయి, మంచం కోళ్లు ఎక్కాయి. సాయవ్వ లేవలేదు. ఆమె శవం కూడా దొరకలేదు. ఈనాటికీ ఇక్కడ ఇంజన్ ఆపితే ఆమె ఏడుపు వినబడుతుందంటారు. ఒక్క నిమిషం అందరూ నిశ్శబ్దంగా ఉండండి."

అందరూ ఊపిరి బిగబట్టేవాళ్లు. ఎవరో ఒక ఆడమనిషి "అగో, నాకినవడ్డది" అని తప్పకుండా అనేది. పిల్లలు తల్లుల ఒళ్లో తల దూర్చేవాళ్లు. సిద్ధయ్య ఇంజన్ తాడు లాగేవాడు, అందరూ ఒక్కసారిగా నవ్వేవాళ్లు.

ఈ కథ సిద్ధయ్య దగ్గరే పుట్టింది. రిసార్టు మొదలైన కొత్తలో "ఈ నీళ్లల్ల ఏదన్న కథ ఉంటే చెప్పరాదే" అని శైలేందర్ అతన్ని పీడించాడు. ఆ ఊరివాడే గనక సిద్ధయ్య ఏదో నాలుగు ముక్కలు చెప్పాడు: సాయవ్వ అని ఒకామె, పోనని కూర్చుంది, ఊరు విడవలేదు. అంతే, ఇంకేం చెప్పలేదు. నీళ్లలో ముంచింది శైలేందర్. మంచం కోళ్లూ ఏడుపూ రోజారాణి చేర్చింది. కథకు కాళ్లు లేవంటారు. ఆమె దానికి కాళ్లు పెట్టి కడియాలు కూడా తొడిగింది. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక కుర్రాడు దాన్ని రీలు చేసి పెట్టాక, జనం గేటు దగ్గరే "దయ్యం పడవ ఎప్పుడు పోతది?" అని అడగడం మొదలుపెట్టారు.

దసరా సెలవుల్లో ఒక శుక్రవారం సాయంత్రం, రోజారాణి గేటు బయట బస్టాపులో నిలబడి ఉంది. సిమెంటు బల్ల మీద ఒక ముసలామె కూర్చుని నీళ్లవైపు చూస్తోంది. నేత చీర, ముంజేతి మీద పాతకాలపు పచ్చబొట్టు, చేతిలో ప్లాస్టిక్ సంచీ. బస్సు రాగానే ఇద్దరూ ఎక్కి, ఆధార్ కార్డులు చూపించి ఆడవాళ్లకిచ్చే సున్నా టికెట్లు తీసుకుని ఒకే సీట్లో కూర్చున్నారు.

"పడవల మైకు వట్టుకొని మాట్లాడే పోరివి నువ్వేనా బిడ్డా?" అంది ముసలామె.

"అవునవ్వా. ఎక్కినవా పడవ?"

"ఎక్కలే. గట్టు మీద కూసోని ఇన్న. మైకు గాడిదాక ఇనవడ్తది, సగం గాలికి వోతది."

"ఎట్లున్నది మరి?" అంది రోజారాణి. మెప్పు కోసం అడిగిందే.

"మంచిగ చెప్తున్నవ్. గొంతు మంచిగున్నది. నన్ను సంపినకాడ ఇంక మంచిగున్నది."

రోజారాణి అర్థంకాక నవ్వింది. ముసలామె నవ్వలేదు. సంచీ ఒళ్లో సర్దుకుని, "సాయవ్వంటే నేనే బిడ్డా," అంది, మా ఇల్లు ఫలానా గల్లీలో అని చెప్పినంత మామూలుగా.

రోజారాణి కళ్లు తమంతట తామే సీటు కిందికి పోయాయి. దయ్యాల కాళ్లు వెనక్కి తిరిగి ఉంటాయని చిన్నప్పుడు అమ్మమ్మ చెప్పిన మాట ఇంతకాలం ఎక్కడ దాక్కుందో, ఇప్పుడు లేచి వచ్చింది. అరిగిపోయిన రబ్బరు చెప్పుల్లో పగిలిన మడమలు, వెండి మెట్టెలు తీసేసిన గుర్తులు కనబడ్డాయి.

"కాళ్లు సూస్తున్నవా? సక్కగనే ఉన్నై," అంది సాయవ్వ. "నేను సావలే. ఊరు మునిగినోళ్లకు కట్టిచ్చిన కాలనీల మా కోడలు కాడ ఉంటున్న. కోడలు శైలజనే ఫోన్ల సూపెట్టింది, అత్తా నువ్వు దయ్యమైనవట అని. పోరగాండ్లు నన్ను సూస్తే ఉర్కుతుండ్రు. గది సరే తియ్యి, నాకు దాని బాధ లేదు."

"మరేం బాధ అవ్వా?" అని అడిగింది రోజారాణి.

"కాకి తలమీద తంతే ఏం జేస్తరు? సుట్టాలకు సచ్చిందని కబురు వంపుతరు. వాళ్లు ఏడ్సుకుంట వస్తరు. గండం వోతది, ఆయుష్షు వెరుగుతది. బతికున్నోళ్లను సచ్చిన్రంటే గంతే. నువ్వేమో నన్ను దినాం సంపవడ్తివి. గండం మీద గండం వోతున్నది నాకు. మోకాళ్లు వోయినై, కండ్లు వోతున్నై, పండ్లు ఎన్నడో వోయినై. నాతోటోళ్లందరు వోయిన్రు. నాకొక్కదానికి సావొస్తలేదు." ఆమె రోజారాణి చేయి పట్టుకుంది. ఆ చేయి ఎండిన తాటిమట్టలా గరుకుగా, వెచ్చగా ఉంది. "ఇగ ఆపు బిడ్డా. నన్ను సావనీ."

కాలనీ రోడ్డు దగ్గర బస్సు ఆగింది. ముసలామె కడ్డీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి, వెనక్కి చూడకుండా నడిచిపోయింది. బస్సు నిండా జనం ఉన్నారు, కండక్టర్ ఫోన్లో ఎవరితోనో పోట్లాడుతున్నాడు, కిటికీలోంచి ఎండ ఇంకా పడుతూనే ఉంది. అయినా రోజారాణికి వీపు మీద నీళ్లు పోసినట్టు అయింది.

ఆ రాత్రి నిద్ర రాలేదని వేరే చెప్పాలా? తెల్లవారి తల్లి స్వరాజ్యలక్ష్మి వాకిలి ఊడుస్తున్న చప్పుడుకు ఉలిక్కిపడి లేచింది. సరక్, సరక్. రోజూ వినే చప్పుడే. ఈ పూట మాత్రం ఎవరో నీళ్లలోంచి నడిచి వస్తున్నట్టు వినబడింది. తల్లికి జరిగింది చెప్పింది. స్వరాజ్యలక్ష్మి పొరక గోడకు ఆనించి, నోటిమీద చేయి వేసుకుంది.

"బతికున్న ముసల్దాన్నా? అయ్యో, ఉసురు తగుల్తది. చెప్పకు తల్లీ."

"చెప్పకపోతే ఉద్యోగం వోతదమ్మా."

తల్లి పొరక మళ్లీ అందుకుని, "పేరన్న మార్చుమని మీ సారును అడుగు," అంది. పేదవాళ్ల పాపభీతి ఎప్పుడూ ఇలా నడిమి దారి వెతుక్కుంటుంది.

శైలేందర్ ఆఫీసు గదిలోంచి ఆడమనిషి ఏడుపు వినిపించి రోజారాణి గుమ్మంలోనే ఆగిపోయింది. అతను ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని తల ఊపుతున్నాడు. బల్ల మీద నల్లటి స్పీకరు, వైర్లు పడి ఉన్నాయి.

"రా రా రోజా. ఎట్లున్నది? నెట్ల దొరికింది. తాటిమొద్దుకు స్పీకర్ కట్టిస్తున్న. నువ్వు నిశ్శబ్దం అనంగనే సిద్ధయ్య పడవల డబ్బా మీద బటన్ ఒత్తుతడు. రేపు టూర్ల కంపెనీ నుంచి శ్రీవర్ధన్ సార్ వస్తుండు. ఆయనకు నచ్చితే వారం వారం బస్సులు దిగుతై. నిన్ను పర్మినెంట్ చేస్త."

"సార్, సాయవ్వ బతికే ఉన్నది."

ఏడుపు ఆగింది. "ఎవలు చెప్పిన్రు?"

"ఆమెనే చెప్పింది. కథ ఆపుమంటున్నది సార్. కనీసం పేరన్న..."

శైలేందర్ చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే కోప్పడేవాడు. అతను సంబరపడ్డాడు. "అరె, ఇంక మంచిదాయె గద! తోల్కరా ఆమెను. డాల్ఫిన్ పక్కన కుర్సేద్దాం. తెల్లచీర కట్టించి కూసోవెడదాం. పడవ దిగంగనే దయ్యంతోని సెల్ఫీ. ఆమెకు ఇంత బువ్వ వెడదాం, పొద్దువోతది, పాపం." తర్వాత రోజారాణి ముఖం చూసి గొంతు మార్చాడు. "పేరు మార్చుడు కాదు. రీల్ అంత ఆ పేరు మీదనే నడుస్తున్నది. కథ తీసేస్తే ఏముంటది రోజా? నీళ్లుంటై. నీళ్లు ఇంట్ల నల్లా తిప్పినా వస్తై. చెప్తే రేపు మంచిగ చెప్పు. లేదంటే మైకు గీడ వెట్టిపో, నీ గొంతు రికార్డే ఉన్నది నాకాడ."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. రోజారాణి మైకు సంచీ తీసుకుని రేవు దగ్గరికి నడిచింది. సిద్ధయ్య పడవ అడుగున చేరిన నీళ్లు మగ్గుతో తోడి పోస్తున్నాడు.

"సిద్ధన్నా, సాయవ్వ బతికే ఉన్నదని నీకెరుకేనా?"

మగ్గు ఆగలేదు. "ఎరుకే."

"ఇన్నొద్దుల సంది నా ఎనుక కూసోని ఇనవడ్తివి. ఎందుకు చెప్పలే?"

"నన్నెవలడిగిన్రు చెల్లె?" అన్నాడు. తోడాల్సిన నీళ్లు అయిపోయాయి. అయినా సిద్ధయ్య ఖాళీ చెక్కల మీద మగ్గును గీకుతూనే ఉన్నాడు.

ఆ రోజు మొదటి తిరుగుడులో ఇంజన్ ఆగిన చోట రోజారాణికి కథ సగంలో ఆగిపోయింది. "సాయవ్వ లేవలేదు. ఆమె..." అంది. తర్వాతి మాట నాలుక చివర ఉంది. గట్టువైపు చూసింది. బస్టాపు నీడలో ఎవరో కూర్చున్నట్టే ఉంది, ఎవరూ లేనట్టూ ఉంది. నీళ్లు పడవ పక్కకు వచ్చి తాకి వెనక్కి జారుతున్నాయి. సరక్, సరక్. ఇన్నాళ్లూ ఈ చప్పుడు వినబడలేదంటే తన గొంతే అడ్డమై ఉండాలి. "ఆమె ఏమైందో ఎవరికీ తెలియదు," అని ముగించింది. వెనక బెంచీలోంచి ఒకాయన "గంతేనా? రీల్ల ఏడుపున్నది గద!" అని గట్టిగా అడిగాడు. ఇంకొకరు పైసలు దండగ అన్నారు. మిగతా రెండుసార్లు ఆమె కళ్లు మూసుకుని పాత కథే చెప్పేసింది. చెప్తున్నంతసేపూ, బస్సులో తన చేయి పట్టుకున్న ఆ గరుకు చేయి వెచ్చగా తగులుతూనే ఉంది.

ఆదివారం రేవు దగ్గర తిరునాళ్లలా ఉంది. శైలేందర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, నల్లకళ్లద్దాల శ్రీవర్ధన్‌కు కొబ్బరిబోండం తాగిస్తూ డాల్ఫిన్ గురించి వివరిస్తున్నాడు. రోజారాణి జాకెట్లు పంచుతూ తలెత్తేసరికి, సిద్ధయ్య భుజం పట్టుకుని సాయవ్వ చెక్క వంతెన మీద నడిచి వస్తోంది. తల నున్నగా దువ్వుకుని, పెట్టె అడుగున దాచిన ఇస్త్రీ మడతల చీర కట్టుకుంది. ఎవరో అడిగితే సిద్ధయ్య "మా మనిషి" అని ఒక్క మాట అన్నాడు. పడవవాడి మనిషిని టికెట్ అడిగే రివాజు రేవుల్లో లేదు.

"నేనూ సూస్త బిడ్డా," అంది సాయవ్వ. "గట్టు మీంచి సగమే ఇన్న."

రోజారాణి ఆమెకు జాకెట్ తొడిగి పట్టీలు బిగించింది. నారింజరంగు జాకెట్లో ముసలామె ముఖం మరీ చిన్నదై కనబడింది. "మునగకుంటనా గిది?" అని అడిగి, పట్టీని వేలితో మీటింది. ముందు బెంచీలో, తన పక్కనే కూర్చోబెట్టుకుంది రోజారాణి. శ్రీవర్ధన్ ఎదురుగా కూర్చున్నాడు. పడవ కదిలింది.

గుట్ట దగ్గర సాయవ్వ దండం పెట్టుకుంది, అంతే. తాటిమొద్దులు కనబడగానే మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మా ఇంటాయన ఎక్కిన చెట్లు," అంది రోజారాణి చెవిలో. "కల్లు దింపంగ దింపంగ ఒకనాడు జారి గాడ్నే వడ్డడు. గా చెట్టు మొదట్ల." అన్నింటికన్నా పొడవైన మొద్దుకు నల్లటి స్పీకరు తాడుతో కట్టి ఉంది. పక్కన ఎవరో ఫోటో కోసం పెదవులు ముడుస్తున్నారు.

"మీ సారేమన్నడు?" అని అడిగింది సాయవ్వ.

ఇంజన్ మోతలో రోజారాణి ఆమె చెవికి వంగింది. అబద్ధం చెప్పాలనిపించింది, నోరు రాలేదు. "ఆపనన్నడవ్వా. బతికుంటే తోల్కరమ్మన్నడు. గేటు కాడ కుర్సీల కూసోవెడ్తడట. ఫోటోలు దిగుతరట నీతోని."

"మళ్ల ఎత్కవోయి కూసోవెడ్తరా?" అని అడిగి సాయవ్వ నీళ్లలోకి చూస్తూ ఉండిపోయింది. "ఇయ్యాల చెప్పనవ్వా," అంది రోజారాణి. "పోతే పోనీ ఉద్యోగం. నువ్వు బతికే ఉన్నవని మైకులనే చెప్త." అలా అన్నాక ఆమెకు ప్రాణం తేలికపడింది. చీరల షాపు, అక్కడ నిలబడీ నిలబడీ ఉబ్బిపోయే కాళ్లూ గుర్తొచ్చాయి. అయినా తేలికగానే ఉంది. ముసలామె విన్నదో లేదో తెలియలేదు.

పడవ తిరిగే చోటికి వచ్చింది. సిద్ధయ్య ఇంజన్ ఆపాడు. నిశ్శబ్దం వచ్చి నీళ్ల మీద కూర్చుంది. రోజారాణి లేచి నిలబడి మైకు తట్టింది.

"ఇప్పుడు మనం తుమ్మలబండ గ్రామం పైన ఉన్నాము. ఇక్కడ సాయవ్వ అనే ఆమె ఉండేది. ఊరంతా పోయినా ఆమె పోలేదని, నీళ్లలో మునిగి చనిపోయిందని ఇన్నాళ్లూ చెప్పాను." మైకు తెలుగు అక్కడికే సరిపోయింది. "గది అబద్ధం. సాయవ్వ సావలే. ఆమె..."

"సచ్చింది," అంది సాయవ్వ.

పడవలో అందరూ ఆమె వైపు తిరిగారు. సాయవ్వ బెంచీ అంచు పట్టుకుని కూర్చునే ఉంది. గొంతు మాత్రం మైకు అక్కర్లేనంత గట్టిగా వచ్చింది.

"ఈ పిల్ల సిన్నది, దీనికెరుక లేదు. నేను గా ఊరిదాన్నే. సాయవ్వదీ నాదీ ఒక్కటే ఇల్లు. నా కండ్లతోని సూసిన."

శ్రీవర్ధన్ కళ్లద్దాలు తీశాడు. రోజారాణి మైకు పట్టుకున్న చేయి కిందికి జారింది.

"పొద్దుగాల లేసి వాకిలి ఊడ్సింది. సాన్పి సల్లింది. ముగ్గువెట్టింది. ఊరు మొత్తం ఖాళీ, మా గల్లీల ఒక్క కుక్కలే ఉన్నై. అయినా ముగ్గువెట్టింది. పోయి మంచంల వడుకున్నది, ఇగ ఎట్ల లేపుతరో లేపుండ్రి అని. గప్పుడు ఆఫీసరోళ్లు లేపనీకి వచ్చిన్రు. బతిలాడిన్రు, బెదిరిచ్చిన్రు. లేవకపోతే మంచంతోనే ఎత్తిన్రు. నలుగురు నాలుగు కోళ్లు వట్టిన్రు. పరాయోళ్లకు తెల్వది, తొందరల ఎట్ల దొరికితే అట్ల వట్టిన్రు. కాళ్లు ముంగటికి వెట్టి కడప దాటిచ్చిన్రు."

ఆడవాళ్ల బెంచీలో ఎవరో "అయ్యో" అన్నారు. ప్రాణమున్న మనిషిని కాళ్లు ముందుకు పెట్టి ఇంట్లోంచి మోయరు. అలా గడప దాటేది శవం ఒక్కటే. దాన్ని మళ్లీ ఆ ఇంట్లోకే కాదు, ఏ ఇంట్లోకీ తీసుకురారు.

"మంచం తిప్పుండ్రని ఒక్కరన్న అనకపోయిరి," అంది సాయవ్వ. ఎవరి వైపూ చూడలేదు. ఇంజన్ దగ్గర సిద్ధయ్య మాత్రం, తన కుడి అరచేతిని ఎప్పుడూ చూడనట్టు చూసుకుంటున్నాడు. "కాళ్లు ముంగటవోయినంక ఇగ బతికినట్టా? గాడ్నే సచ్చింది. శవం లేసినంక ఇల్లు ఊడ్సి నీళ్లు సల్లుతరు, దీపం వెడ్తరు. మా ఇంట్ల ఊడ్సెటోళ్లు లేకపోయిరి. మిషిన్లొచ్చినై, ఎనుక నీళ్లొచ్చినై. గందుకని గాడ ఉన్నది. గాడ్నే ఉన్నది."

ఆమె మాట ఆపగానే, సారు చెప్పిన ప్రకారమో, దిక్కుతోచకనో సిద్ధయ్య చేయి బటన్ మీద పడింది. తాటిమొద్దు మీంచి ఆడమనిషి ఏడుపు సన్నగా లేచింది. పడవలో సగం మంది కెవ్వుమన్నారు. సాయవ్వ తల ఎత్తి, చెవి రిక్కించి వింది.

"ఎవలు ఏడ్సేది?"

ఒకరిద్దరు తాటిమొద్దువైపు వేళ్లు చూపారు.

"గది తప్పు. సాయవ్వ ఏడ్వలే," అంది ఖచ్చితంగా. "బంద్ చెయ్యిరా సిద్ధిగా."

సిద్ధయ్య వంగి, బటన్ వదిలేసి డబ్బా వైరే పీకేశాడు. ఏడుపు మధ్యలో తెగింది. ఆ తర్వాత నీళ్లు పడవ పక్కలకు తగిలి జారే చప్పుడొక్కటే మిగిలింది. సరక్, సరక్. ఈసారి పడవలో ఉన్నవాళ్లంతా దాన్ని విన్నారు. ఒకామె బెంచీ కింద చాపిన కాళ్లను మెల్లగా పైకి లాక్కుంది.

రేవులో దిగాక శ్రీవర్ధన్ శైలేందర్ చేయి పట్టుకుని ఊపేశాడు. వారం వారం బస్సు ఖాయమన్నాడు. "ఆ ఊరామెను పెట్టి చెప్పించిన ఐడియా సూపర్," అన్నాడు. శైలేందర్‌కు ఏమీ అర్థం కాకపోయినా మెప్పును కాదనే అలవాటు లేదు గనక నవ్వాడు. తర్వాత రోజారాణి వైపు కన్ను ఎగరేసి, "ఆ ముసలామె ఎవరు?" అని సైగ చేశాడు. "సిద్ధన్న వాళ్ల మనిషి సార్, ఊరికే వచ్చింది," అంది రోజారాణి. ఆమె జీవితంలో అంత హాయిగా ఆడిన అబద్ధం ఇంకొకటి లేదు.

సిద్ధయ్య పడవను కట్టేస్తూ, ఆమె వైపు చూడకుండానే అన్నాడు. "మంచం నాలుగో కోడు వట్టింది నేనే చెల్లె. నన్ను గంజి వోసి పెంచిన మనిషి, ఊరోడు చెయ్యేస్తే లేస్తదేమో అని ఆఫీసరోళ్లు నన్ను వట్టుమన్నరు. కాళ్లు ముంగటికి వోతున్నయని నాకెరుకే. నోరు రాలే." తాడుకు ఒక ముడి చాలు. అతను ముడి మీద ముడి వేస్తూనే ఉన్నాడు.

రోజారాణి సాయవ్వను బస్టాపుదాకా నడిపించింది. సిమెంటు బల్ల మీద కూర్చోబెట్టి, తనూ కూర్చుంది.

"ఆపుమన్నవ్ గదవ్వా. నేను ఆపిననే. మళ్ల నువ్వే సచ్చినవని ఎందుకు చెప్తివి?"

సాయవ్వ చెప్పులు విడిచి, కాళ్లు బల్ల మీదికి తీసుకుని మోకాళ్లు రుద్దుకుంటోంది.

"బతికున్నదాన్నని చెప్తే మీ సారు కుర్సేస్తడు. కుర్సీల కూసోవెడ్తడు, బుద్ధి వుట్టినప్పుడు లేపుతడు. బతికున్నదాన్ని ఏడికంటే గాడికి ఎత్కవోతరు బిడ్డా. సచ్చినదాన్ని ఎవలు లేపుతరు? నీ కథల నేను మా ఇంట్లనే ఉన్న. ఇన్నేండ్ల సంది నన్ను గాడ ఉండనిచ్చింది నువ్వొక్కదానివే. గట్టు మీంచి ఇన్నప్పుడు నాకు గది సమజ్ కాలే. పడవల, దాని మీద కూసున్నంక సమజయింది."

"మరి ఆయుష్షు వెరుగుతదంటివి?"

"వెరిగితే వెరగనీ. నిజంగ సచ్చిననాడు మా శైలజతోని కబురు వంపుత, ఆ దినం సెలవు తీస్కో," అంది సాయవ్వ. మొదటిసారి నవ్వింది. ఒక్క పన్ను లేని ఆ నవ్వు చూసి రోజారాణికి ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా. ముసలామె దాన్ని పట్టించుకోకుండా తన పని తాను చెప్పింది. "ఏడ్సుడు తీసెయ్. గది నాకు నచ్చలే. ఊడుస్తదని చెప్పు. పొద్దుగాల లేసి వాకిలి ఊడుస్తదని చెప్పు."

రేవు నుంచి శైలేందర్ కేక వేశాడు. రెండో తిరుగుడుకు పడవ నిండింది. రోజారాణి ముఖం తుడుచుకుని పరుగెత్తింది.

పడవ గుట్టను దాటింది, తాటిమొద్దుల్ని దాటింది. ఖాళీ పడవలో సిద్ధయ్య ఎప్పుడు పోయి వచ్చాడో, పొడవైన మొద్దుకు స్పీకరు లేదు, తెగిన తాడు వేలాడుతోంది. సిద్ధయ్య ఇంజన్ ఆపాడు. రోజారాణి మైకు పెదవుల దగ్గరికి తెచ్చుకుంది. ఈసారి మైకు తెలుగు వెతుక్కోలేదు.

"గిది తుమ్మలబండ. గీడ సాయవ్వ అనే ఆమె సచ్చిపోయింది. కాళ్లు ముంగటికి వెట్టి తీస్కపోయిన్రు, కని ఆమె పోలే. దీని కింద ఆమె వాకిలున్నది. దినాం ఊడుస్తది. సప్పుడు చెయ్యకుంట ఇనుండ్రి."

మైకు గట్టుదాకా వినబడింది. సగం గాలికి పోయింది. అవతల సిద్దిపేట బస్సు వచ్చి ఆగి హారన్ కొట్టింది. బల్ల మీది ముసలామె ఆగమని కండక్టర్‌కు చేయి చూపింది. నీళ్లవైపే తిరిగి కూర్చుని, తన చావు కబురు పూర్తిగా విని, చెప్పులు తొడుక్కుని, అప్పుడు లేచి బస్సెక్కింది.